ఒకటా, రెండా?

డండీలో నా గది సగం నేలలో దిగబడి ఉంటుంది.
కిటికీలోంచి కనిపించేది ఆకాశం కాదు, కాళ్ళు.
తడి బూట్లు, కుక్క పాదాలు,
ఎవరిదో గొడుగు మొన.
నవంబరులో వెలుతురు పదకొండూ ఇరవైకి వస్తుంది.
అద్దె వసూలుకొచ్చినవాడిలా గుమ్మంలోనే నిలబడి
పన్నెండు కొట్టగానే వెళ్ళిపోతుంది.

ఆ నలభై నిమిషాల మీద ఆరు కుండీలు బతకాలి.

మనీప్లాంటు తీగ మూరల కొద్దీ సాగుతోంది,
ఆకు మాత్రం చిటికెన వేలి గోరంత.
సన్న అక్షరాలు చదవబోయేవాడిలా
మెడ చాచి కిటికీ వైపే జరుగుతోంది.
పీస్ లిల్లీ పూయడం మానేసి రెండేళ్ళు.
ఫెర్న్ సంగతి అడక్కండి.
ముట్టుకుంటే రాలుతుంది, ముట్టుకోకపోయినా రాలుతుంది.

పగలు నా పని కళ్ళు పరీక్ష చేయడం.
చీకటి గదిలో ఒకరి ముక్కు మీద అద్దాలు మారుస్తూ
ఒకటా, రెండా? ఏది నయం? అని అడుగుతాను.
తేడా తెలియనివాళ్ళు మొహమాటానికి రెండు అంటారు.
సాయంత్రం ఇంటికొచ్చి కుండీని
బల్ల మీద ఒకసారి, గూట్లో ఒకసారి పెట్టి
ఒకటా, రెండా? అంటాను.
వీటికి మొహమాటం లేదు.
మూడు వారాలాగి చెబుతాయి జవాబు,
అదీ పసుపు రంగులో.

మొదటి చలికాలం నీళ్ళు పోసి చంపాను కొన్నిటిని.
ఒప్పుకోవాలి.
వాడిన ఆకు కనబడితే చాలు
చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయేది.
ఎవరు దిగులుగా ఉన్నా ముందు కంచం పెట్టే ఇంట్లో పెరిగాను,
ఇంకేం చేతనవుతుంది?
వెలుతురు లేని చోట మొక్క గుటక గుటకకీ ఆగి తాగుతుంది.
మిగిలిన నీళ్ళు వేళ్ళ దగ్గర మురిగి
ముందు పాచి వాసన, ఆ తర్వాత నుసుములు.
కుండీ బోర్లిస్తే చేతిలోకొచ్చిన వేళ్ళు
ఉడికిపోయిన సేమ్యాలా ఉన్నాయి.

ఆరో కుండీ నాది కాదు.
ఆలస్డెయిర్ పెట్రీ గారి ఆస్పిడిస్ట్రా.
ఆయనకి గ్లకోమా. చూపు అంచుల నుంచి లోపలికి
కాలుతున్న కాగితంలా ముడుచుకుంటోంది.
వాళ్ళ మెట్ల మలుపులో ముప్పై ఏళ్ళు ఉందట ఆ మొక్క,
రాత్రీ పగలూ వెలిగే బల్బు కింద.
ఇప్పుడు కొత్త దీపం బిగించారు, మనిషి కదిలితేనే వెలుగుతుంది.
మొక్క కదలదు కదా,
అది అక్కడ ఉందనే దీపానికి తెలియదు.
చక్రాల సంచీలో కూర్చోబెట్టుకుని మా దుకాణానికి తెచ్చి
మీరే కదా వెలుతురు మనుషులు, అని నా బల్ల మీద పెట్టారు.

ఒక ఆదివారం ఎనిమిది మెట్లూ లెక్కపెట్టుకుంటూ దిగి
ఆకు మీద వేలు రాసి, ఆ వేలు నాకు చూపించారు.
బూడిద రంగు దుమ్ము.
అద్దాలు రోజూ తుడుచుకోమని మాకు చెబుతావే!
తడిగుడ్డతో ఆకు ఆకూ తుడిచాను,
ముందూ వెనకా, కళ్ళజోడు తుడిచినట్టే.
నేను చెంబు అందుకున్న చప్పుడు విని
మట్టిలో రెండు కణుపుల లోతు వేలు దింపి
తడిగానే ఉంది, లీవిట్, అన్నారు.

ఆ మాటని మా భాషలో పెట్టుకుంటే: ఊరుకో.
పని మానెయ్యమని చెప్పేదీ,
ఏడ్చేవాళ్ళని దగ్గరికి తీసుకుని అనేదీ
మాకు ఆ ఒక్క మాటే.
చెంబు దించి, చాలాసేపు ఊరుకున్నాను.

ఫెర్న్ జనవరిలో పోయింది.
పన్నెండు పౌండ్ల దీపం ఒకటి కొని గూటికి తగిలించాను.
ఫిబ్రవరిలో ఎండ ఇంకో ఇటుక దాటింది.
ఆస్పిడిస్ట్రా మొదట్లో బిగుతుగా చుట్టుకున్న
ఆకుపచ్చటి మొన.

ఫోన్ చేసి చెప్పాను.
ఒకటా, రెండా? అన్నారాయన.
ఒకటే, అన్నాను.
తర్వాత మోకాళ్ళ మీద వంగి, టార్చి వేసి
చాలాసేపు చూశాను.
పక్కన ఇంకోటుందేమో.
తేడా తెలియడం లేదు.